కత్తి చేతిలో ఎలా తిరుగుతుంది?

వేసవిలో చింతలపూడి చుట్టుపక్కల మామిడి తోటల్లోకి వెళితే చిక్కాలతో కాయలు కోసేవాళ్లు కనబడతారు. పొడవాటి వెదురు కర్ర, దాని చివర వల సంచి. అదే చిక్కం. ఖాళీ చిక్కాన్ని మీరూ అటూ ఇటూ తిప్పగలరు. అందులో రెండు రసాలు పడ్డాయా, ఇక కర్ర మీ మాట వినదు. ఆ రెండు కాయలూ కలిపి సుమారు అరకిలో ఉంటాయి. వాటినే చేతిసంచిలో వేసుకుంటే బరువున్నట్టే తోచదు. మరి కర్ర చివర ఉన్నప్పుడు ఎందుకంత భారంగా ఉంటాయి?

ఈ ప్రశ్నను కాసేపు అలా ఉంచి మరో ప్రశ్న వేసుకుందాం. సినిమాల్లో పూర్వకాలపు యూరప్ వీరులు రెండు చేతులతో పట్టుకుని తిప్పే పొడుగు కత్తిని చూసే ఉంటారు. దాని బరువెంత ఉంటుంది? పది కిలోలని ఒకరు, పదిహేను కిలోలని మరొకరు చెబుతారు. కాని మ్యూజియాలలో ఉన్న అసలు కత్తులను తూచి చూస్తే ఈ అంచనాలు తప్పని తేలింది. 15వ శతాబ్దంలో వాడిన పొడుగు కత్తులలో చాలావాటి బరువు 1.2 నుంచి 1.8 కిలోల లోపే. పొడవు మాత్రం ఒక మీటరు దాటి ఉంటుంది.

ఈ కత్తులను తిప్పే విద్యను ఇప్పుడు చాలా దేశాలలో ఎందరో సరదా కోసం, వ్యాయామం కోసం నేర్చుకుంటున్నారు. ఇది ఒలింపిక్స్‌లో ఆడే కత్తి ఆట కాదు. ఆ ఆటలో మన దేశం తరఫున ఒలింపిక్స్‌కు మొదటిసారి వెళ్లింది తమిళనాడుకు చెందిన భవానీదేవి. ఆమె 2021లో టోక్యోలో పోటీ చేశారు. మనం చెప్పుకునేది అంతకంటె పాతదైన విద్య. దీనిలో ఒక చిక్కు ఉంది. నేర్పడానికి గురువులు లేరు!

గురువులు పోయారు, పుస్తకాలు మిగిలాయి

తుపాకులు వచ్చాక యూరప్ యుద్ధాలలో పొడుగు కత్తికి పని లేకుండా పోయింది. పని లేని విద్యను నేర్చుకునేవారు తగ్గారు. చివరికి గురువు నుంచి శిష్యుడికి వచ్చే వరస తెగిపోయింది. అయితే ఆ గురువులలో కొందరు తమ విద్యను రాసి, బొమ్మలు గీయించి పెట్టారు.

ఇప్పటికి దొరికిన వాటిలో అన్నిటికంటె పాతది 14వ శతాబ్దం తొలి కాలపు లాటిన్ రాతప్రతి. అది ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఉంది. 64 పుటల ఆ పుస్తకంలో ఒక క్రైస్తవ మతగురువు తన శిష్యుడికి కత్తి, చిన్న డాలు పట్టడం నేర్పుతుంటాడు. చివరి పుటల్లో వాల్‌పుర్గిస్ అనే స్త్రీ కూడా కత్తి పట్టి కనబడుతుంది.

జర్మనీలో లీష్టెనావర్ అనే గురువు తన విద్యనంతా పద్యాలలో దాచాడు. పరాయివాళ్లకు అర్థం కాకూడదని వాటిని కావాలనే గూఢంగా చెప్పాడు. తర్వాతివాళ్లు ఆ పద్యాలకు వివరణలు రాశారు. మన తెలుగు వాచకంలో పద్యం కింద తాత్పర్యం ఉంటుంది చూడండి, అలాగన్నమాట. ఇటలీ గురువు ఫియోరే సుమారు 1410లో రాయించిన పుస్తకంలో ఒక మనిషి చుట్టూ నాలుగు జంతువుల బొమ్మలున్నాయి. అందులో ఒకటి ఏనుగు! అది వీపు మీద బురుజును మోస్తూ ఉంటుంది. కాళ్లు గట్టిగా నిలిపే బలానికి అది గుర్తు. మిగిలిన మూడింటిలో సింహం ధైర్యానికి, పులి వేగానికి, లింక్స్ అనే అడవి పిల్లి ముందుచూపుకు గుర్తులు.

19వ శతాబ్దం చివర లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ హటన్ వంటి కొందరు ఈ పాత పుస్తకాలను తిరగేసి, అందులోని పట్లను చేసి చూపించారు. 1990ల నుంచి ఈ ప్రయత్నం బాగా పెరిగింది. కాని బొమ్మ కదలదు కదా! కత్తి ఇక్కడ మొదలై అక్కడ ఆగిందని బొమ్మ చెబుతుంది. మధ్యలో ఏ దారిన వెళ్లిందో చెప్పదు.

అందుకని నేర్చుకునేవాళ్లు ఏం చేస్తారు? ముందు రాసింది చదువుతారు. కదలిక ఇలా ఉండి ఉండాలని ఊహిస్తారు. ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి, మెల్లగా చేసి చూస్తారు. పుస్తకం చెప్పిన ఫలితం రాకపోతే ఊహను మార్చుకుంటారు. ఊహించు, పరీక్షించు, సరిదిద్దు. ఇది మీరు ప్రయోగశాలలో చేసే పనే! పరీక్షకు తోడ్పడేది మీ భౌతికశాస్త్ర పాఠమే. ఒక కర్రతో మనమూ చేసి చూద్దాం.

మొదటి ప్రయోగం: రెండు వేళ్లు

90 సెం.మీ. పొడవున్న, అంతటా ఒకే లావున్న కర్ర తీసుకోండి. రెండు చూపుడు వేళ్లను కర్ర రెండు కొసల దగ్గర కింద ఆనించి, దాన్ని అడ్డంగా నిలపండి. ఇప్పుడు వేళ్లను మెల్లగా దగ్గరకు జరపండి. ఒకసారి ఒక వేలు, మరోసారి రెండో వేలు జారుతుంది. చివరికి రెండూ సరిగ్గా మధ్యలో కలుస్తాయి. కర్ర పడదు. మధ్యకు దగ్గరగా వచ్చిన వేలి మీద బరువు ఎక్కువ పడి, ఘర్షణ పెరిగి, అది ఆగిపోతుంది. అప్పుడు రెండోది జారుతుంది. అవి కలిసే చోటే కర్ర గరిమనాభి.

ఇప్పుడు 200 గ్రాముల తడి బంకమట్టిని గుడ్డలో మూటగట్టి ఒక కొసకు కట్టండి. మళ్లీ చేయండి. ఈసారి వేళ్లు మూట వైపు జరిగి కలుస్తాయి. పొడుగు కత్తి పిడి చివర లోహపు గుండు ఒకటి ఉంటుంది. అది అలంకారం కాదు. మీ మట్టి మూట చేసిన పనే అదీ చేస్తుంది. అలుగు పొడవైనదైనా గరిమనాభిని చేతి దగ్గరకు లాగుతుంది. చాలా కత్తులలో అది పిడి దాటాక నాలుగైదు అంగుళాల లోపే ఉంటుంది.

రెండవ ప్రయోగం: మూటను జరపండి

అదే మూటను కర్ర ఒక కొస నుంచి 25 సెం.మీ. దూరంలో కట్టండి. ఆ కొస పట్టుకుని మణికట్టుతో అటూ ఇటూ ఊపండి. తర్వాత మూటను 75 సెం.మీ. దూరానికి జరిపి ఊపండి. మొత్తం బరువు మారలేదు. అయినా చెయ్యి ఎంత శ్రమ పడుతోందో చూడండి.

తిరిగే వస్తువు తన కదలికలో మార్పును అడ్డుకునే గుణాన్ని జడత్వ భ్రామకం అంటారు. ఇది బరువు ఎంత అన్నదాని మీదే కాదు, అది ఎంత దూరంలో ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. పైగా దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దూరం రెండింతలైతే నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. 25 నుంచి 75 సెం.మీ.కు జరిపినప్పుడు మూటను తిప్పే కష్టం తొమ్మిది రెట్లయింది.

చిక్కంలోని రసాలకు ఇదే జవాబు. కత్తికీ ఇదే. అందుకే కమ్మరి అలుగును కొస వైపు పోయేకొద్దీ సన్నగా, పలచగా సాగదీసేవాడు. 1.5 కిలోల కత్తి చేతిలో చురుగ్గా తిరగడానికి, అంతే బరువున్న సుత్తి తిరగకపోవడానికి కారణం బరువు ఉన్న చోటే.

మూడవ ప్రయోగం: ఎక్కడ తాకించాలి?

మీరూ మీ స్నేహితుడూ ఒక్కో కర్ర పట్టుకుని ఎదురెదురుగా నిలబడండి. కర్రలను నడుము ఎత్తులో, ఒక చేత్తో, అడ్డంగా తాకించండి. కొట్టవద్దు, ఆనించండి చాలు. తాకేచోటు మీ చేతికి 20 సెం.మీ. దూరంలో, స్నేహితుని చేతికి 60 సెం.మీ. దూరంలో ఉండాలి. ఇద్దరూ మెల్లగా పక్కకు నెట్టండి. మీ కర్రే గెలుస్తుంది. ఇప్పుడు దూరాలు మార్చుకోండి. గెలుపు కూడా మారుతుంది.

మణికట్టు తిప్పే భ్రామకం ఇద్దరిదీ ఒకటే అనుకుందాం. అది దూరంతో భాగిస్తే వచ్చేది తాకిన చోట పనిచేసే బలం. 20 సెం.మీ. దగ్గర దొరికే బలం 60 సెం.మీ. దగ్గర దొరికేదానికి మూడు రెట్లు.

జర్మన్ గురువుల పుస్తకాలు అలుగును రెండు భాగాలు చేస్తాయి. పిడి నుంచి మధ్య వరకు ‘బలమైనది’, మధ్య నుంచి కొస వరకు ‘బలహీనమైనది’. ఎదుటివాని బలహీన భాగాన్ని నీ బలమైన భాగంతో అడ్డుకోమంటాయి. కత్తులు తాకగానే అతడు గట్టిగా నెడుతున్నాడో, మెత్తగా ఉన్నాడో చేతితోనే కనిపెట్టమంటాయి. కొస బలహీనమైనదే కాని వేగం దానిదే. 90 సెం.మీ. దూరంలోని కొస, 30 సెం.మీ. దూరంలోని బిందువు కంటె మూడు రెట్లు వేగంగా కదులుతుంది. బలంలో పోయినది వేగంలో వస్తుంది.

నాలుగవ ప్రయోగం: చేతికి జల్లు తగలని చోటు

క్రికెట్ ఆడేటప్పుడు బంతి బ్యాటుకు ఒకచోట తగిలితే చెయ్యి జివ్వుమంటుంది. మరోచోట తగిలితే తగిలినట్టే ఉండదు, బంతి మాత్రం దూరం పోతుంది. కర్రలో ఆ చోటు ఎక్కడుంది?

90 సెం.మీ. కర్ర ఒక కొసలో చిన్న రంధ్రం చేసి, మేకుకు వేలాడదీయండి. దాని పక్కన దారానికి చిన్న రాయి కట్టి లోలకంగా వేలాడదీయండి. మేకు నుంచి రాయి మధ్యకు 60 సెం.మీ. ఉండాలి. రెండింటినీ కొద్దిగా పక్కకు లాగి ఒకేసారి వదలండి. కర్ర పొడుగు, దారం పొట్టి. అయినా రెండూ జతగా ఊగుతాయి! పది డోలనాలకు సుమారు పదిహేనున్నర సెకన్లు పడుతుంది. ఒక కొస నుంచి వేలాడే కర్ర, దాని పొడవులో మూడింట రెండు వంతులున్న లోలకంలా ఊగుతుంది. డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ గడియారాల మీద 1673లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి లెక్కలను వివరించాడు.

ఇప్పుడు కర్రను మేకు నుంచి తీసి, పై కొసకు జానెడు దారం కట్టి వేలాడదీయండి. కర్రను చివరన వేలితో టక్కున తట్టండి. పై కొస ఎదురు దిక్కుకు కదులుతుంది. పైభాగంలో తట్టండి. అది వేలు నెట్టిన వైపే పోతుంది. పై నుంచి 60 సెం.మీ. దగ్గర తట్టండి. పై కొస దాదాపు కదలదు. మనం దాన్ని తాకిడి కేంద్రం అందాం. పై కొస మీ చెయ్యి అనుకోండి. అక్కడ దెబ్బ పడితే చేతికి కుదుపు రాదు. కత్తి కర్రలాగా అంతటా ఒకే లావు ఉండదు కనుక దాని తాకిడి కేంద్రం వేరేచోట ఉంటుంది. అయినా కత్తిని ఊపి దాన్ని వెతికే పద్ధతి ఇదే.

ఒక హెచ్చరిక

కొస వేగం సరదా విషయం కాదు. వ్లదీమీర్ స్మిర్నోవ్ 1980 మాస్కో ఒలింపిక్స్‌లో కత్తి ఆటలో బంగారు పతకం గెలిచిన సోవియట్ క్రీడాకారుడు. 1982లో రోమ్ నగరంలో ప్రపంచ పోటీలు జరుగుతుండగా ఎదుటి ఆటగాని కత్తి విరిగింది. విరిగిన ముక్క స్మిర్నోవ్ ముసుగును చీల్చుకుని పోయింది. కొద్దిరోజులకు ఆయన మరణించారు. మొద్దు కత్తి, ముఖానికి జాలీ ముసుగు, అనుభవం అన్నీ ఉన్నా ప్రాణం పోయింది. ఆ తర్వాత ముసుగుల, దుస్తుల ప్రమాణాలను కఠినం చేశారు. పగులు త్వరగా పాకని మారేజింగ్ ఉక్కును కత్తులకు వాడసాగారు.

పాత విద్యను నేర్చుకునేవారు కూడా అంచు మొద్దుగా, కొస గుండ్రంగా ఉన్న కత్తులే వాడతారు. ముసుగు, మెడకు కాపు, దూది కుట్టిన అంగీ, వేళ్లకు మందపాటి తొడుగులు లేనిదే వేగంగా ఆడరు. మీరు పైన చెప్పిన ప్రయోగాలు చేసేటప్పుడు కర్రను భుజాల పైకి ఎత్తకండి. ఎదుటివారి ముఖం వైపు చూపకండి.

మన దగ్గర గురువులున్నారు

యూరప్‌లో పుస్తకాలు మిగిలి, గురువులు పోయారు. మన కర్రసాము, కత్తిసాము సంగతి వేరు. ఇవి ఎక్కువగా గురువు చేతి నుంచి శిష్యుని చేతికి వచ్చినవి. కోనసీమలోని అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానాలో ఇప్పటికీ కర్రలు, కత్తులు తిప్పుతారు. తాలీం అంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో వయసులో ఉన్నప్పుడు కర్రసాము నేర్చిన తాతగారు ఉండవచ్చు. ఆయన చేతికి తెలిసినది ఏ కాగితం మీదా లేకపోతే ఆయనతోనే పోతుంది. పుస్తకం ఉండి గురువు లేని విద్యను తిరిగి నిలబెట్టడానికి ఎంత శ్రమ కావాలో చూశాం. రెండూ లేకపోతే ఊహించడానికి కూడా ఏమీ మిగలదు.

కనుక ఈ సెలవుల్లో ఆయన దగ్గరకు వెళ్లండి. కర్ర పొడవు, లావు, బరువు కొలవండి. అది ఏ కర్రో అడగండి. చెయ్యి ఎక్కడ పడుతుందో, గరిమనాభి ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. పాదాల చోట్లు నేల మీద సుద్దతో గీసి, నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ప్రతి పట్టుకూ ఆయన చెప్పే పేరును ఆయన మాటల్లోనే రాయండి. బొమ్మ గీస్తే, కదలిక మొదలు, చివరతో పాటు మధ్యలో వెళ్లే దారిని బాణం గుర్తులతో చూపండి. ఆ పాత పుస్తకాల బొమ్మల్లో లేనిది అదే.

అన్నిటికంటె ముఖ్యంగా, “తాతగారూ, ఇలాగే ఎందుకు తిప్పాలి?” అని అడగండి. ఆయన చెప్పిన కారణాన్ని మీ భౌతికశాస్త్ర పాఠంతో సరిపోల్చి చూడండి. సరిపోకపోతే తప్పు ఆయనదే అనుకోకండి. మళ్లీ ఒకసారి కర్ర పట్టుకుని, మెల్లగా, చేసి చూడండి.