గీజరు ఎందుకు వెలగదు?

వేడినీరు నేడు భోగవస్తువు కాదు, నిత్యావసరం. ఒకప్పుడు చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల పాత ఇళ్ళలో పెరటి మూల ఒక రాగి బాయిలరు ఉండేది. దాని నడుమ గొట్టంలో బొగ్గులు వేసి రాజేస్తే ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగేవి. ఉర్దూ మాట్లాడే కుటుంబాలలో దానిని హమామ్ అనడం కద్దు. కాలక్రమాన పెరళ్ళు పోయి అంతస్తుల మేడలు లేచాయి. బొగ్గుల స్థానాన్ని విద్యుత్తు, గ్యాసు ఆక్రమించాయి. అశోక్‌నగర్ వీధులలో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థుల అద్దెగదులలోనూ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో వెలసిన వసతిగృహాలలోనూ గ్యాసు గీజర్లు కానవస్తాయి.

పుష్యమాసపు చలిలో, తెల్లవారుజామున కుళాయి తిప్పితే గీజరు వెలగదు. ‘కరెంటు భాగం పాడైంది’ అని వెంటనే తీర్మానిస్తాము. మెకానిక్కు వచ్చేలోగా ఎవరో తీగలు కలిపి, ఏదో మీటను నొక్కిపెట్టి దానిని వెలిగిస్తారు. ఈ వ్యాసంలో మేము ప్రధానంగా చెప్పదలచినది ఒక్కటే. గీజరు వెలగకపోవడం చాలాసార్లు రోగం కాదు, కాపలా. లోపల ఉన్న కావలివారిలో ఎవరు ‘వద్దు’ అంటున్నారో తెలుసుకొనడమే మరమ్మతు. వారి నోరు నొక్కడం మరమ్మతు కాదు.

పరికరం పుట్టుక

గ్యాసుతో నీటిని అప్పటికప్పుడు కాచే యంత్రాన్ని 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన రూపొందించాడు. ఐస్‌లాండు దేశంలో భూమి నుండి చిమ్మే వేడినీటి బుగ్గను బట్టి దానికి గీజరు అని పేరు పెట్టాడు. మండిన వాయువులు బయటికి పోవడానికి ఆ తొలి యంత్రానికి పొగగొట్టం లేదు. నూట యాభై ఏళ్ళు గడిచిన తరువాత కూడా మన స్నానాల గదులలో పలుచోట్ల అదే కొరత మిగిలి ఉండడం విచారకరం.

వెలిగే క్రమం

నేటి గీజరులో అగ్గిపుల్లతో పని లేదు. అడుగున రెండు పెద్ద టార్చి సెల్లులు ఉంటాయి. ఒక్కొక్కటి 1.5 వోల్టులు, రెండూ కలిసి 3 వోల్టులు. కుళాయి తిప్పగానే ప్రవహించే నీరు ఒక రబ్బరు పొరను నెడుతుంది. ఆ పొర ఒక సన్నని కడ్డీని కదిలిస్తుంది. కడ్డీ ఒక చిన్న స్విచ్చిని నొక్కుతుంది. అప్పుడు సెల్లుల విద్యుత్తు నియంత్రణ పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టె ఏకకాలంలో రెండు పనులు చేస్తుంది. 3 వోల్టులను వేల వోల్టులకు పెంచి బర్నరు వద్ద నిప్పురవ్వను పుట్టిస్తుంది, విద్యుదయస్కాంతపు కవాటాన్ని తెరచి గ్యాసును వదలుతుంది. గాలిలో ఒక మిల్లీమీటరు ఎడం దాటడానికి రవ్వకు సుమారు 3 వేల వోల్టులు కావలెను. 4 మిల్లీమీటర్ల ఎడానికి దాదాపు 12 వేల వోల్టులన్నమాట.

మంట అంటుకొన్నదో లేదో పెట్టెకు తెలిసేదెట్లు? ఇది భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. ఆవేశం నింపిన స్వర్ణపత్ర విద్యుద్దర్శిని వద్దకు మండుతున్న అగ్గిపుల్లను తెస్తే దాని ఆకులు ముడుచుకుపోతాయి. మంటలో అయానులు ఉంటాయి గనుక మంట విద్యుద్వాహకం. బర్నరుపై నిలిపిన ఒక కడ్డీ నుండి మంట గుండా అతి స్వల్పమైన విద్యుత్తు, ఆంపియరులో పదిలక్షల వంతుల లెక్కలో, ప్రవహిస్తుంది. అది ఉన్నంతసేపే కవాటం తెరచి ఉంటుంది. కొన్ని సెకన్లలో ఆ ప్రవాహం అందకపోతే పెట్టె గ్యాసును మూసివేస్తుంది.

శీతల దేశాలలో ఈతకొలనుల నీటిని కాచే పెద్ద యంత్రాలలోనూ ఇదే సూత్రం. సెల్లులకు బదులు 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, రబ్బరు పొరకు బదులు నీటి పీడనపు స్విచ్చి ఉంటాయి. అక్కడ కూడా వడపోత మూసుకుపోయి నీటి ఒత్తిడి తగ్గితే నిప్పు రాజదు. తప్పు మాత్రం విద్యుత్తుపై పడుతుంది.

లోపాన్ని వెదకే విధం

మొదట నీరు. కుళాయి తిప్పినా ‘టిక్ టిక్’ శబ్దమే లేకుంటే ముందు నీటి ధారను చూడవలెను. చాలా నమూనాలకు కనీసం రెండు, మూడు మీటర్ల ఎత్తు నుండి దిగే నీటి ఒత్తిడి కావలెను. మన పేటలలో మిద్దెపై ట్యాంకు, దాని క్రిందనే విద్యార్థులు అద్దెకుండే చివరి అంతస్తు గది. ట్యాంకుకు, గీజరుకు మధ్య మీటరున్నర ఎత్తు కూడా ఉండదు. క్రింది అంతస్తులో చక్కగా వెలిగే గీజరే పై గదిలో మొండికేస్తుంది. ఇందులో విద్యుత్తు దోషం ఏమీ లేదు. బోరునీటి సున్నపు పొర గొట్టాలలో పేరుకొన్నా, నీరు వచ్చే మార్గంలోని జాలీలో ఇసుక నిండినా ఇదే ఫలితం. ధార బాగుండీ శబ్దం లేకుంటే రబ్బరు పొర చిరిగిందో, చిన్న స్విచ్చి చెడిందో చూడవలసినవాడు మెకానిక్కు.

రెండవది సెల్లులు. శబ్దం బలహీనంగా, ఆగి ఆగి వస్తే సెల్లులు నీరసించినవి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. రవ్వకు కావలసిన దానికంటె కవాటాన్ని తెరవడానికి ఎక్కువ విద్యుత్తు పడుతుంది. అందువలన రవ్వ కనిపిస్తూనే ఉంటుంది, గ్యాసు మాత్రం రాదు. ఊరక కొలిస్తే 1.5 వోల్టులు చూపే పాత సెల్లు బరువు పడగానే దిగజారిపోవచ్చును. రెండింటినీ ఒకేసారి మార్చవలెను. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెట్టరాదు. అరలోని రేకులపై తెల్లని, పచ్చని చిలుము ఉంటే పొడిగుడ్డతో తుడిచివేయవలెను.

మూడవది రవ్వ. గ్యాసుబండ రెగ్యులేటరును మూసి, గది చీకటి చేసి, కుళాయి తిప్పి గాజు కిటికీలోంచి చూడవలెను. రవ్వ బర్నరుపై కాక ప్రక్కన ఎక్కడో దూకుతుంటే పింగాణీ తొడుగు బీటలు వారినది, లేదా తీగ ఒలిచిపోయినది. వానకాలపు తేమలో ఈ లోపం అధికం. దానిని సరిచేయవలసినవాడు మెకానిక్కు.

నాలుగవది గ్యాసు. రవ్వ చక్కగా ఉండి మంట రాకుంటే బండ ఖాళీ అయినదేమో, రెగ్యులేటరు తెరిచి ఉన్నదో లేదో చూడవలెను. రెండుసార్లు ప్రయత్నించినా అంటుకోకపోతే ఆపివేసి, తలుపులు తెరచి కొంతసేపు ఆగవలెను. ఎల్.పి.జి. గాలికంటె బరువైనది, నేలమట్టాన నిలుస్తుంది. వాసన వస్తున్నప్పుడు ఏ విద్యుత్ స్విచ్చినీ తాకరాదు. మూడవమారు, నాలుగవమారు తిప్పడం వలన కూడిన గ్యాసంతా ఒక్కసారి భగ్గుమంటుంది.

ఐదవది మంటను గుర్తించే కడ్డీ. మంట వెలిగి, కొన్ని సెకన్లకే ఆరిపోతుంటే కడ్డీకి మసి పట్టినదని గాని, అది వంగి మంటకు దూరమైనదని గాని భావించవచ్చును. చాలా నమూనాలు సుమారు 20 నిమిషాలకు వాటంతటవే ఆగిపోతాయి. నీరు మితిమీరి కాగినా ఆగిపోతాయి. ఇవి లోపాలు కావు.

గాలి లెక్క

నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడిచేయడానికి సుమారు పదిన్నర కిలోవాట్ల శక్తి కావలెను. వృథాను కలుపుకొంటే గంటకు కిలో గ్యాసు ఖర్చు. ఒక కిలో గ్యాసు పూర్తిగా మండటానికి సుమారు 12, 13 ఘనమీటర్ల గాలి అవసరం. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల స్నానాల గదిలో ఉండేది ఏడున్నర ఘనమీటర్ల గాలి మాత్రమే. అనగా పావుగంట స్నానంలో గీజరు మూడు ఘనమీటర్ల గాలికి, గదిలోని ఐదింట రెండు వంతులకు, సరిపడే ప్రాణవాయువును మింగుతుంది. తలుపు బిగించి, చలికి వెంటిలేటరుకు అట్టముక్క అడ్డుపెట్టి స్నానం చేసేవారు ఈ లెక్కను మనసులో ఉంచుకొనవలెను.

ప్రాణవాయువు చాలనప్పుడు గ్యాసు పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం, మోకాళ్ళు సడలడం – ఈ వరుసలో మనిషి గడియ తీయలేని స్థితికి చేరతాడు. మన నగరంలోనూ, ఇతర నగరాలలోనూ చలికాలపు వార్తాపత్రికలలో ఇటువంటి మరణాలు చదువుతూనే ఉన్నాము. గాలి తగ్గినప్పుడు మంట సాగి, బర్నరును వదలి లేస్తుంది. కడ్డీకి విద్యుత్తు అందక గీజరు ఆరిపోవచ్చును. తీగలు కలిపి దానిని ‘బాగు’ చేసినవాడు ఆ కాస్త రక్షణను కూడా తొలగించినవాడే. అట్లని కడ్డీనే నమ్ముకొనరాదు. అది మంటను చూస్తుందే గాని గాలిని చూడదు. పసుపుపచ్చని మంట, మసి అపాయ సూచనలు. నీలి మంటే ఆరోగ్యం.

మన కర్తవ్యం

గ్యాసు గీజరును స్నానాల గది బయట, గాలి ఆడే బాల్కనీలో, పొగగొట్టంతో అమర్చవలెను. ఆ వీలు లేనిచోట తలుపు తెరచి ఉంచి బకెట్టు నింపుకొని, గీజరు ఆపి, గాలి మారిన తరువాతనే స్నానానికి వెళ్ళవలెను. లోపలివారు పలకకుంటే తలుపు పగలగొట్టి ఆరుబయటికి చేర్చి, గ్యాసు మూసి, 108కి ఫోను చేయవలెను.

వసతిగృహాలు నడిపేవారికి, మా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. నీరు, సెల్లులు, రవ్వ, గ్యాసు, మంట, గాలి – ఈ ఆరు మాటలను తెలుగులోనూ, ఉర్దూలోనూ వ్రాయించి ప్రతి గీజరు ప్రక్కన అంటించవలెను. అందుకు ఒక కాగితం, కొంచెం జిగురు చాలును. విజ్ఞానశాస్త్రం చదివే మన విద్యార్థులు తమ గదిలోని పరికరం ఎందుకు మొరాయించిందో ఈ వరుసలో ఆలోచించడం అలవరచుకొంటే, ఆ చదువు పరీక్షపత్రం దాటి ప్రాణరక్షణకు కూడా అక్కరకు వస్తుంది.