పాత కారుకు ప్రాణం పోస్తున్నారా?.. బోల్టు విప్పక ముందే బీమా

విజయవాడ: తాతల నాటి అంబాసిడర్‌నో, తండ్రి ముచ్చటపడి కొన్న ప్రీమియర్ పద్మినినో షెడ్డులోంచి బయటకు తీసి, పూర్వ రూపం తెప్పించాలన్న అభిలాష నగరాలకే పరిమితం కాలేదు. పద్మిని తయారీ ఎప్పుడో నిలిచిపోగా, అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్తవి వచ్చే అవకాశం లేనందున ఉన్నవాటికే గిరాకీ. అయితే టింకరింగ్, పెయింటింగ్, ఇంజిన్ బోరు, సీట్ల పని అంటూ లక్షలు వెచ్చించే యజమానులు బీమా విషయాన్ని మాత్రం చివరికి వాయిదా వేస్తుంటారు. ‘రోడ్డెక్కని బండికి ఇన్సూరెన్స్ ఎందుకు? అంతా అయ్యాక చూద్దాం’ అన్నది వారి ఆలోచన. ఖర్చు తగ్గించేదిగా కనిపించే ఈ ఆలోచనే పెట్టుబడి మొత్తాన్ని ప్రమాదంలో పడవేస్తుంది.

చట్టం ఒకటి.. నష్టం మరొకటి

మోటారు వాహనాల చట్టం–1988లోని 146వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో వాహనాన్ని వినియోగించాలంటే కనీసం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2019లో సవరించిన 196వ సెక్షన్ మేరకు బీమా లేకుండా నడిపితే తొలిసారి రూ.2 వేల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మరోసారి పట్టుబడితే జరిమానా రూ.4 వేలు. సొంత షెడ్డులో తాళం వేసి ఉంచిన కారుకు ఈ నిబంధన వర్తించదు. అయితే షెడ్డు చాలక వీధిలో టార్పాలిన్ కప్పి ఉంచే వారికి ఈ వెసులుబాటు లేదు. నిలిపి ఉంచిన వాహనాన్ని సైతం వినియోగంలో ఉన్నట్లే పరిగణించిన న్యాయస్థానాల తీర్పులున్నాయి.

చట్టం అడిగేది ఇతరులకు జరిగే నష్టం గురించి మాత్రమే. యజమానికి జరిగే నష్టం కారు రోడ్డెక్కే వరకు ఆగదు. గ్యాస్ వెల్డింగ్ నిప్పురవ్వ, ట్యాంకులో మిగిలిన పెట్రోలు, నెలల తరబడి కదలని బండిపై దొంగల కన్ను, వరద నీరు.. ఇవన్నీ షెడ్డులోనే పొంచి ఉంటాయి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ తదితర కాలనీలు రోజుల తరబడి నీటిలో నానినప్పుడు, ఇళ్ల వద్ద నిలిపి ఉంచిన వేలాది వాహనాలు మునిగిపోయాయి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న వాహనానికి ఇటువంటి సందర్భంలో పైసా రాదు. సొంత నష్టానికి కూడా వర్తించే పాలసీ, అంటే వాడుకలో ‘ఫుల్ ఇన్సూరెన్స్’, ఉన్నవారికే పరిహారం అందుతుంది.

విప్పక ముందే ఎందుకు?

బీమా గడువు దాటిన వాహనానికి మళ్లీ సొంత నష్టం బీమా ఇవ్వాలంటే కంపెనీ ప్రతినిధి ముందుగా వాహనాన్ని తనిఖీ చేసి, ఫొటోలు తీసుకుంటారు. కారు నిండు రూపంలో, నాలుగు చక్రాల మీద నిలిచి ఉన్నప్పుడు ఈ తనిఖీ సులభం. ఇంజిన్ ఒక మూల, తలుపులు మరో మూల, అద్దాలు అటకపైన ఉన్నప్పుడు దేనికి విలువ కట్టాలో తెలియక కంపెనీలు సాధారణంగా వెనుకంజ వేస్తాయి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లను సరిపోల్చడం కూడా కష్టమవుతుంది. అందుచేత ఉన్న పాలసీని గడువులోగా పునరుద్ధరించుకోవడం, లేదా కొత్త పాలసీని కారు విప్పక ముందే తీసుకోవడం ఉత్తమం. గడువు తీరి 90 రోజులు దాటితే అంతవరకు కూడిన నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది.

పాత కారును కొత్తగా కొన్నవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. యాజమాన్యం మారినప్పుడు థర్డ్ పార్టీ బీమా చట్టం ప్రకారం కొత్త యజమానికి దానంతట అదే సంక్రమిస్తుంది. సొంత నష్టం బీమా అలా సంక్రమించదు. కొన్న 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీని తన పేరిట మార్పించుకోవాలి. పాత యజమాని పేరిట ఉన్న పాలసీని నమ్ముకుని బండిని గ్యారేజీలో వదిలితే, ప్రమాదం జరిగిన రోజున ఆ కాగితం అక్కరకు రాదు.

షెడ్డులో ఉన్నంత కాలం

రోడ్డెక్కని కాలానికి పూర్తి ప్రీమియం చెల్లించడం దండగ అనుకునే వారికి మధ్యేమార్గం ఉంది. 2002 నాటి భారత మోటారు టారిఫ్‌లో, వాడకుండా షెడ్డులో నిలిపి ఉంచిన వాహనాలకు ప్రత్యేక నిబంధన పొందుపరిచారు. ఇతర రక్షణలను ఆ కాలానికి నిలిపివేసి.. అగ్నిప్రమాదం, దొంగతనం, అల్లర్లు, తుపాను, వరద వంటి ముప్పులకు మాత్రం బీమాను కొనసాగించడం దీని సారాంశం. నిలిపివేసిన కాలానికి ప్రీమియంలో కొంత మినహాయింపు లభిస్తుంది. ఇందుకు కంపెనీకి ముందుగా తెలిపి, పాలసీకి ఎండార్స్‌మెంట్ రాయించుకోవాలి. ఆ వ్యవధిలో బండిని రోడ్డుపైకి తీసుకురాకూడదు. ఈ సదుపాయాన్ని ఏజెంటు తనంతట ప్రస్తావించకపోవచ్చు. యజమానే అడగాలి.

విడిభాగాల విషయం వేరు. పాలసీ వర్తించేది వాహనానికి, దానికి అమర్చి ఉన్న పరికరాలకు. విప్పి వేరొక చోట దాచిన బంపర్లు, మరో ఊరికి పాలిష్‌కు పంపిన గ్రిల్లు పోతే క్లెయిమ్ సందేహాస్పదమే. విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీయడం, ఏది ఎక్కడ ఉందో జాబితా రాసుకోవడం, సాధ్యమైనంత వరకు అన్నింటినీ ఒకేచోట ఉంచడం మేలు.

విలువ పెరిగితే పాలసీలోనూ పెరగాలి

అత్యధికులు నష్టపోయేది ఇక్కడే. పాలసీలో రాసే ‘ఐడీవీ’, అంటే బీమా చేసిన ప్రకటిత విలువే, కారు పూర్తిగా పోయినప్పుడు వచ్చే పరిహారానికి ప్రాతిపదిక. అయిదేళ్లలోపు కార్లకు తరుగుదల పట్టిక ఉంది. అయిదేళ్లు దాటిన వాటికి, తయారీ ఆగిపోయిన మోడళ్లకు యజమాని, కంపెనీ పరస్పర అంగీకారంతో విలువను నిర్ణయిస్తారు. అడిగే హక్కు యజమానికి ఉందన్నమాట.

ఉదాహరణకు రూ.60 వేల ఐడీవీతో ఉన్న పద్మినిపై యజమాని మూడు లక్షలు వెచ్చించాడనుకుందాం. పాలసీలో విలువ మార్చకుంటే కారు దగ్ధమైనా, చోరీకి గురైనా దక్కేది ఆ రూ.60 వేల లెక్కనే. అంతేకాదు, మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం మించితే వాహనం పూర్తిగా నష్టపోయినట్లు లెక్కిస్తారు. ఈ కారు విషయంలో రూ.45 వేలు దాటితే చాలు. ఒక పక్క టింకరింగ్, కారంతటికీ పెయింటింగ్ కలిస్తే ఆ మొత్తం దాటడం పెద్ద విషయం కాదు. బాగుచేయదగిన కారు కాస్తా కాగితాల్లో తుక్కుగా మారిపోతుంది.

అందువల్ల బాడీ పని, ఇంజిన్ పని, పెయింటింగ్.. ఇలా ఒక్కో దశ ముగిసినప్పుడల్లా బిల్లులు, తేదీలతో ఫొటోలు భద్రపరచాలి. రెన్యువల్ సమయంలో సర్వేయర్ చేత విలువ కట్టించి, ఆ నివేదిక ఆధారంగా ఐడీవీ పెంచాలని లిఖితపూర్వకంగా కోరాలి. పాలసీ మధ్యలో పెద్ద దశ పూర్తయితే అప్పుడే ఎండార్స్‌మెంట్ సాధ్యమా అని కంపెనీని అడగవచ్చు. పెరిగిన విలువకు ప్రీమియమూ పెరుగుతుంది. అయితే పాక్షిక నష్టంలో పూర్తి ఖర్చు వస్తుందని ఆశించరాదు. పదేళ్లు దాటిన కారు లోహ భాగాలపై 50 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలపై 50 శాతం తరుగుదల కోస్తారు. అద్దాలకు కోత ఉండదు.

గ్యారేజీ బీమా సరిపోతుందా?

గ్యారేజీ యజమానికి అగ్నిప్రమాద బీమా ఉన్నంత మాత్రాన అందులోని ఖాతాదారుల కార్లన్నీ దాని పరిధిలోకి రావు. ఇతరుల ఆస్తిని ఆ పాలసీలో ప్రత్యేకంగా చేర్చారో లేదో చూడాలి. భారత కాంట్రాక్టు చట్టం–1872 ప్రకారం, అప్పగించిన వస్తువు పట్ల సాధారణ వివేకం గల వ్యక్తి తన సొంత వస్తువు పట్ల చూపే శ్రద్ధను గ్యారేజీ యజమాని చూపాలి. ఆ శ్రద్ధ చూపిన తర్వాత కూడా నష్టం జరిగితే, వేరే ఒప్పందం లేనిపక్షంలో అతడు బాధ్యుడు కాడు. వరదకు మెకానిక్‌ను నిందించి ప్రయోజనం లేదు. కారు అప్పగించిన తేదీ, దాని స్థితి, అప్పగించిన భాగాలు రాసిన చీటీపై సంతకం తీసుకోవడం ఇరువురికీ క్షేమం.

రోడ్డెక్కే ముందు

‘బ్రేకులు పట్టాయో లేదో వీధి చివరి దాకా చూసొద్దాం’ అనుకునే ఆ మొదటి ట్రయల్‌కే పూర్తి స్థాయి బీమా అమల్లో ఉండాలి. ఏళ్ల తరబడి కదలని కారు బ్రేకు విఫలమై ఎవరికైనా ప్రాణహాని జరిగితే, బీమా లేనప్పుడు ట్రైబ్యునల్ విధించే పరిహారమంతా యజమానే భరించాలి. షెడ్డు నిబంధన కింద నిలిపివేసిన రక్షణలను ముందుగానే మళ్లీ అమల్లోకి తెప్పించుకోవాలి. ఇంజిన్ మార్చినట్లయితే ఆ మార్పు తొలుత ఆర్‌సీలోను, తర్వాత పాలసీలోను నమోదు కావాలి. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000–1500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి రూ.3,416, అంతకు మించితే రూ.7,897. పద్మిని ఇంజిన్ 1089 సీసీ, పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ 1489 సీసీ. దాని స్థానంలో 1817 సీసీ ఇసుజు ఇంజిన్ అమర్చితే కారు పై శ్రేణిలోకి మారుతుంది.

‘వీఏ’ నంబరు కావాలంటే

2021 జులైలో కేంద్రం ప్రకటించిన నిబంధనల మేరకు, తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. వాటి నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20 వేలు, గడువు పదేళ్లు. దరఖాస్తుతో పాటే బీమా పాలసీని జతచేయాలి గనుక ఇక్కడా బీమాదే ముందు వరస. ఇలా నమోదైన కార్లకు 2022 నాటి రేట్లలో థర్డ్ పార్టీ ప్రీమియంపై 50 శాతం రాయితీ ప్రకటించారు.

అయితే రెండు షరతులు గమనించాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు చేసిన వాహనం ఈ నిర్వచనంలోకి రాదు. ఇసుజు ఇంజిన్ ఎక్కించిన అంబాసిడర్‌కు ‘వీఏ’ ఆశ వదులుకోవలసిందే. రెండోది, ఇలా నమోదైన కారును ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డుపైకి తేవాలి. నిత్యం వాడదలచినవారికి మామూలు రిజిస్ట్రేషనే శ్రేయస్కరం. ఈ నిర్ణయం కూడా పని మొదలుపెట్టక ముందే జరగాలి.

ఇవి గుర్తుంచుకోవాలి

కారు విప్పక ముందు: ఆర్‌సీ, పాలసీ సొంత పేరిట ఉండాలి. సొంత నష్టానికీ బీమా ఉండాలి.

పని జరుగుతున్నప్పుడు: షెడ్డు నిబంధన, బిల్లులు, ఫొటోలు, దశలవారీగా విలువ పెంపు.

తొలి ట్రయల్‌కు ముందు: పూర్తి బీమా అమలు, ఇంజిన్ మార్పుల నమోదు.

వివాదం వస్తే: ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. నెలలోగా పరిష్కారం కాకుంటే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఈ కార్యాలయం పరిధిలోకి వస్తాయి.