కూలీ ఓడలు, జప్తు చట్టాలు

కూలీ వలసల మాటొస్తే మనం మారిషస్, నటాల్, ఫిజీలకు పోయిన మనవాళ్ళ దగ్గరే ఆగిపోతాం. అదే కాలంలో దక్షిణ చైనా రేవుల నుంచి లక్షలమందిని క్యూబాకు, పెరూకు ఎక్కించారు. ఈ ఓడల్ని పట్టుకుని జప్తు చేసేందుకు చట్టాలు కూడా వచ్చాయి. వాటిని మేం పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. శిక్ష ఓడకి, జప్తయిన ఆస్తి రాజ్యానికి. మరి ఓడ అడుగున కూర్చున్న మనిషికి?

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు 1834లో అమల్లోకి వచ్చింది. చెరకుతోటలు మాత్రం ఆగలేదు గదా! తోటల యజమానులకు చవక చేతులు కావాలి. బానిసత్వం ఇంకా నడుస్తున్న క్యూబాకు 1847, 1874 మధ్య సుమారు లక్షా పాతికవేల మంది చీనా కూలీలను చేర్చారు. ఒప్పందం ఎనిమిదేళ్ళు. బ్రోకర్లు కొందర్ని ఆశపెట్టారు, కొందర్ని ఎత్తుకొచ్చారు. జూదంలో ఓడి తన్ను తాను అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. చైనాలో జనం ఈ వ్యాపారాన్ని 'పందిపిల్లల అమ్మకం' అన్నారు. అమోయ్ రేవులో కూలీలను బట్టలిప్పి నిలబెట్టి, రొమ్ముమీద పోయే దేశం పేరులోని మొదటి అక్షరం వేయడం చూశానని బ్రిటిష్ అధికారి బౌరింగ్ 1852లో రాశాడు. ఇంత చూసిన సర్కారు చేసిందేమిటి?

మూడేళ్ళకు, 1855లో, బ్రిటిష్ పార్లమెంటు చీనా ప్రయాణికుల చట్టం చేసింది. హాంకాంగ్ నుంచి బయల్దేరే ఏ ఓడైనా, చైనా రేవుల నుంచి కదిలే బ్రిటిష్ ఓడైనా, ఇరవైమందికి మించి ఆసియా ప్రయాణికులతో ఏడు రోజులు దాటే ప్రయాణం చేస్తే ఈ చట్టం కిందికి వస్తుంది. మనిషికి 12 చదరపు అడుగుల జాగా, తిండి, మందులు ఉండాలి. అధికారి ఓడెక్కి, ఒప్పందం అర్థమైందా, ఇష్టపడే పోతున్నారా అని విచారించాలి. అధికారి కాగితం లేకుండా ఓడ కదిలితే అది జప్తు. కాగితం మీద బాగానే ఉంది. కానీ వేరే జెండా కట్టుకుని, పోర్చుగీసుల చేతిలో ఉన్న మకావు నుంచి బయల్దేరితే ఈ చట్టం తాకదు. మకావు ఎంత దూరం? హాంకాంగ్ నుంచి కొద్ది గంటల ప్రయాణం. ఇంకో ఘోరమేమంటే, ఆ మకావు ఓడలకు బల్లలూ, ఇనప ఊచల తలుపులూ బిగించింది హాంకాంగ్ రేవులోనే. చట్టం ఒక చేత్తో జప్తు అంటుంటే, రేవు ఇంకో చేత్తో సరంజామా అమ్ముకుంది.

ఆ ఊచల తలుపుల అర్థం 1871లో లోకానికి తెలిసింది. మకావు నుంచి పెరూకు బయల్దేరిన డొలోరెస్ ఉగార్తె అనే ఓడ తగలబడింది. కెప్టెన్, సిబ్బంది పడవల్లో దిగి తప్పించుకున్నారు. అడుగున మూసిపెట్టిన వాళ్ళలో దాదాపు 600 మంది చచ్చిపోయారు. హాంకాంగ్ ప్రభుత్వం మకావు కూలీ ఓడలకు తన రేవులో సరంజామా కట్టడాన్ని అడ్డుకున్నది 1873లో. చివరికి 1874లో మకావు వ్యాపారమే మూతపడింది.

ఓడలోని మనిషి తనే తిరగబడితే? 1870లో నువెల్ పెనలోప్ అనే ఫ్రెంచి ఓడమీద కూలీలు కెప్టెన్‌ని, కొందరు సిబ్బందిని చంపి ఓడను వెనక్కి తిప్పారు. వాళ్ళలో క్వోక్ అ సింగ్ హాంకాంగులో దొరికాడు. ప్రధాన న్యాయమూర్తి జాన్ స్మేల్ 1871లో అతన్ని విడిచిపెట్టాడు. బలవంతంగా బంధించిన వాళ్ళకి స్వేచ్ఛ కోసం తిరగబడే హక్కుందన్నాడు. వలస కోర్టులో ఆ మాట వినబడటమే పెద్ద విశేషం. కానీ 1873లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అతన్ని సముద్ర దొంగతనం కింద హాంకాంగులోనే విచారించవచ్చని తేల్చింది. మనిషిని దొంగిలించిన వాడు వ్యాపారి, ఓడను దొంగిలించిన మనిషి దొంగ!

వీటికి భిన్నమైన కేసు జపాన్‌ది. 1872లో మరియా లుజ్ అనే పెరూ ఓడ తుపానుకు దెబ్బతిని యొకొహామా చేరింది. ఒక కూలీ సముద్రంలో దూకి, ఈదుకుంటూ పోయి బ్రిటిష్ యుద్ధనౌకను ఆశ్రయించాడు. ఓయె తకు అనే జపాన్ అధికారి విచారణ జరిపి, ఓడలోని రెండువందలకు పైగా కూలీల్ని విడిపించాడు. కెప్టెన్ వకీలు ఎదురుప్రశ్న వేశాడు: మీ దేశంలో వేశ్యావాటికలకు ఆడపిల్లల్ని ఒప్పందాలమీద అమ్మటం లేదా? ఆ ప్రశ్న గుచ్చుకుంది. ఆ ఏడాదే జపాన్ ఆ ఆడవాళ్ళ విడుదలకు ఉత్తర్వు ఇచ్చింది. అమల్లో అది చాలావరకు నీరుగారిందనుకోండి. ఓడ విషయంలో 1875లో రష్యా జార్ మధ్యవర్తిగా జపాన్ పక్షాన తీర్పిచ్చాడు. ఓడ జప్తు కన్నా ఓడలోంచి దూకిన ఒక మనిషి ఎక్కువ కదిలించగలిగాడు.

ఇక అమెరికా. లింకన్ కాలంలో, 1862లో, అమెరికా ఓడలు కూలీ వ్యాపారం చేస్తే జప్తు చేసే చట్టం వచ్చింది. ఇష్టపడి వలసపోయేవాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. సరిగ్గా ఇరవయ్యేళ్ళకు, 1882లో, చీనా శ్రామికుల్ని అసలు దేశంలోకే రానివ్వని చట్టం చేశారు. దాని పదో సెక్షన్ చూడండి: తెలిసి ఈ చట్టాన్ని ఉల్లంఘించిన కెప్టెన్ ఓడ జప్తు. మొదటిది 'వీళ్ళను అమ్మకండి' అంది, రెండోది 'వీళ్ళను దించకండి' అంది. రెంటికీ ఆయుధం ఒక్కటే. రెంటిలోనూ కూలీ సరుకుగానే మిగిలాడు, మొదట దొంగసరుకు, తర్వాత నిషేధించిన సరుకు.

మద్రాసు నుంచి నటాల్‌కు పోయిన మనవాళ్ళ ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ తండ్రి పేరు, ఊరు, కులం రాశారు. లెక్కించడంలో లోటు లేదు. అడగడం వేరే సంగతి. చీనా కూలీల్ని ఒకసారి నిజంగానే అడిగారు. 1874లో చెన్ లాన్‌పిన్ నాయకత్వంలో చైనా ప్రభుత్వ కమిషన్ క్యూబా వెళ్ళి 1,176 వాంగ్మూలాలు తీసుకుంది. 1,665 మంది సంతకాలతో 85 అర్జీలు అందాయి. కొరడాలు, ఆకలి, గడువు తీరినా వదలని యజమానులు, ఆత్మహత్యలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత, 1877లో, క్యూబాకు ఒప్పంద కూలీల్ని పంపకూడదని చైనా, స్పెయిన్ ఒడంబడిక చేసుకున్నాయి.