కొరియా కొండల బాటలో

క్రీస్తు శకము ఎనిమిదవ శతాబ్ది తొలి పాదములో కొరియా ద్వీపకల్పమునందలి సిల్లా రాజ్యానికి చెందిన యువ భిక్షువు ఒకడు, చైనా మీదుగా సముద్రమార్గాన భారతదేశము చేరి, ఇక్కడి బౌద్ధ క్షేత్రములను కాలినడకన దర్శించినాడు. అతని పేరు హ్యేచో. మధ్య ఆసియా మార్గమున తిరుగు ప్రయాణము చేసి 727 నాటికి చైనా పడమటి సరిహద్దు చేరుకొన్నాడు. అతడు వ్రాసుకొన్న యాత్రావృత్తాంతము వేయి సంవత్సరములకు పైగా అజ్ఞాతముగా ఉండిపోయి, 1908లో దున్‌హువాంగ్ గుహలలో ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో కంటబడినది. అసంపూర్ణమైన ఆ వ్రాతప్రతి ఇప్పుడు పారిస్ నగరములోని జాతీయ గ్రంథాలయములో ఉన్నది.

మధ్యదేశమునుండి మూడు నెలలకు పైగా దక్షిణముగా నడచిన పిమ్మట తాను దక్షిణ భారతమును చేరితినని హ్యేచో చెప్పినాడు. అక్కడి కొండలలో ఒక గొప్ప విహారమున్నదనీ, నాగార్జునాచార్యుని ఆజ్ఞపై యక్షులు దానిని నిర్మించినారనీ, ఆచార్యుని కాలములో అందు మూడువేల మంది భిక్షువులు నివసించెడివారనీ, తాను తెలుసుకొనునాటికి అది పాడుపడి నిర్జనముగా ఉన్నదనీ వ్రాసినాడు. ఆ స్థలము పేరు అతడు చెప్పలేదు. అయినను నాగార్జునుని పేరు చెవిని పడగానే తెలుగువానికి కృష్ణాతీరము స్ఫురింపక మానదు.

కృష్ణ నీళ్ళు త్రాగి పెరిగిన మేము నలుగురము 2025 అక్టోబరు మాసాంతమున ఆ భిక్షువు పుట్టిన దేశములో పది దినములు కాలినడకన తిరిగి వచ్చినాము. కొండలు, వాటి ఒడిలోని ఆలయములు, వాటి పాదములనున్న ప్రాచీన గ్రామములు చూడవలెనన్నది మా సంకల్పము. మా మనస్సులో ఒక ప్రశ్న కూడా ఉన్నది. మనవైపు విహారములు రాతివి. రాయి మిగిలినది, అందుండెడివారు లేరు. కొరియా ఆలయములు చెక్కవి. అవి పలుమార్లు కాలిపోయినవి, అయినను నేటికీ అక్కడ వేకువనే గంట మ్రోగుచున్నది. ఈ భేదమునకు కారణమేమి?

మొదట ఆ నేల స్వరూపమును గూర్చి రెండు మాటలు. కొరియా భూభాగములో సుమారు నూటికి 70 వంతులు కొండలే. ఉత్తరాన 2,744 మీటర్ల ఎత్తుగల బేక్‌దుసాన్ మొదలుకొని దక్షిణాన 1,915 మీటర్ల జిరిసాన్ వరకు దాదాపు 1,400 కిలోమీటర్ల పొడవున ఒక గొప్ప పర్వతశ్రేణి వెన్నెముకవలె సాగుచున్నది. దానిని బేక్‌దు దేగాన్ అంటారు. 1945లో దేశము రెండుగా చీలినప్పటినుండి ఆ వెన్నెముకను ఈ కొననుండి ఆ కొనకు ఏకధాటిగా నడచుట సామాన్యులకు సాధ్యము కాకుండా పోయినది. దక్షిణాన ఉన్న సగముపైననే యాత్రికులు నడచుచున్నారు. మేము శిఖరములజోలికి పోక కొండల పాదములను చుట్టివచ్చు బాటలనే ఎంచుకొన్నాము.

సియోల్ నగరమునుండి బస్సులో సుమారు నాలుగు గంటలు ప్రయాణించి ఇన్‌వోల్ అను చిన్న ఊరిలో దిగినాము. జిరిసాన్ కొరియాలో మొట్టమొదటి జాతీయోద్యానము, 1967లో ఏర్పడినది. దాని చుట్టును ప్రదక్షిణముగా సుమారు 300 కిలోమీటర్ల కాలిబాటను తీర్చి 2012లో పూర్తిచేసినారు. దీనిని జిరిసాన్ దుల్లేగిల్ అంటారు. మూడు రాష్ట్రములలోని నూరుకు పైగా గ్రామముల గుండా ఇది సాగుచున్నది. ఈ బాట చాలవరకు క్రొత్తగా త్రవ్వినది కాదు; పూర్వము రైతులు పొలములకు, స్త్రీలు సంతలకు, పిల్లలు బడులకు నడచిన దారులనే కలిపి కుట్టినారు. మలుపు మలుపునకు ఒక చెక్క స్తంభము, దానిపై ఒక వైపునకు ఎర్ర బాణము, ఎదురు వైపునకు నల్ల బాణము. భాష రానివాడు కూడా దారి తప్పడు.

ఇన్‌వోల్ నుండి గుమ్‌గ్యే వరకు 20 కిలోమీటర్ల దూరము. ఈ మార్గమున కొండవాలును మెట్లుమెట్లుగా కోసి, రాళ్ళు పేర్చి కట్టిన వరిమళ్ళు కనిపించును. కొన్ని మళ్ళు మన ఇంటి ముంగిలికంటె పెద్దవి కావు. అంత చిన్న చెక్కను కూడా విడువక సాగుచేసిన ఆకలి ఎంతటిదో, ఓర్పు ఎంతటిదో ఆ రాళ్ళను చూస్తే తెలియును. ఈ దారికి సమీపమున పొలముల నడుమ 828లో స్థాపితమైన సిల్‌సాంగ్‌సా ఆలయమున్నది. కొరియా ఆలయములు సామాన్యముగా కొండలలో ఉండగా ఇది మాత్రము సమతలముపై, రైతుల మధ్యనే వెలసినది. పదహారవ శతాబ్ది చివర జపాను దండయాత్రలో ధ్వంసమై, మరల లేచినది. లోపల తొమ్మిదవ శతాబ్దినాటి ఇనుప బుద్ధవిగ్రహము నేటికీ పూజలందుకొనుచున్నది.

ఆనాటి సాయంకాలము ఒక గ్రామములో బస చేసినాము. ఆకులు రాలిన పెర్సిమన్ చెట్లకు పండ్లు దీపములవలె వ్రేలాడుచున్నవి. ఇది మన తునికి చెట్టు కుటుంబమునకు చెందినదే. తోలు తీసిన పండ్లను దారమునకు గ్రుచ్చి ఇంటి చూరుక్రింద ఆరవేసినారు. ఒక్కొక్క చెట్టు కొనను మూడు నాలుగు పండ్లు కోయకుండ విడచినారు. కారణమడుగగా, అవి శీతకాలమున పక్షులకని ఆ ఇంటి అవ్వ చేతులతో అభినయించి చెప్పినది. అపరిచితులను సైతము అవ్వ, తాత, పిన్ని అని వరుసలు కలిపి పిలుచుట అక్కడ కూడ ఆచారమే. పాదరక్షలు బయట విడచి లోనికి పోవుట, నేలపై కూర్చుండి భుజించుట చూచి మేము పరాయి ఇంట ఉన్నామన్న భావనయే కలుగలేదు. నేల మాత్రము వెచ్చగా ఉన్నది. పొయ్యిలోని వేడిపొగను నేల క్రిందుగా రాతి కాలువలలో పోనిచ్చి గది నంతటిని వేడిచేయు ఈ పద్ధతిని ఒండోల్ అంటారు. ఇప్పుడు పెక్కు ఇండ్లలో పొగకు బదులు వేడినీటి గొట్టములు వచ్చినవి.

ఆ గ్రామములో మాకు కనబడినవారందరును వృద్ధులే. యువకులు సియోల్, బూసాన్ వంటి నగరములకు వెడలిపోయినారు. రాత్రి భోజనమువేళ అవ్వ గోడపైనున్న ఛాయాచిత్రములను చూపి, పిల్లలు, మనుమలు ఏయే నగరములలో ఉన్నారో వ్రేళ్ళపై లెక్కించినది. ఆ లెక్క మన పల్లెలలోని అవ్వలకు క్రొత్తది కాదు.

జిరిసాన్ దక్షిణపు వాలున గురే ప్రాంతములో హ్వాఓమ్‌సా ఉన్నది. అవతంసక సూత్రము పేరే దీని పేరు. 544లో భారతదేశమునుండి వచ్చిన భిక్షువు దీనిని స్థాపించెనని ఐతిహ్యము. ఇక్కడ కొరియా ఆలయముల అమరిక చక్కగా బోధపడును. మొదట ఒకే వరుస స్తంభములపై నిలిచిన ద్వారము. పిదప నలుదిక్కులను కాచు మహారాజుల ద్వారము. ఒక్కొక్క ద్వారమునకు కొంత ఎక్కుడు, కొంత మలుపు. నడచి అలసినవాని మనస్సు దానంతట అదే నెమ్మదించును. ప్రధానాలయము వెనుక పులి ప్రక్కన కూర్చున్న వృద్ధుని చిత్రముతో చిన్న గుడి ఉండును. అతడు ఆ కొండకు అధిదేవత. బౌద్ధము వచ్చి, అంతకుముందే ఉన్న కొండదేవరను వెళ్ళగొట్టక వెనుక పెరటిలో చోటిచ్చినది.

హ్వాఓమ్‌సా కూడ జపాను దండయాత్రలో బూడిదయైనది. ఇప్పుడున్న గాఖ్వాంగ్‌జన్ మహామందిరము 1702లో పునర్నిర్మితము. 1951లో మరల ముప్పు వచ్చినది. కొరియా యుద్ధకాలములో తిరుగుబాటుదారులు ఈ కొండలలో దాగియుండగా, వారికి ఆశ్రయము కాకుండ ఆలయమును తగులబెట్టవలెనని ఆజ్ఞ వచ్చినది. అచటి పోలీసు దళాధిపతి చా ఇల్‌హ్యోక్ తలుపులను మాత్రము ఊడదీయించి ముంగిట కాల్పించినాడు. తలుపులు లేని మందిరములో ఎవరును దాగలేరు. కనుక ఆజ్ఞ ఉద్దేశము నెరవేరినది, ఆలయమును దక్కినది.

అదే సంవత్సరమున జరిగిన మరియొక ఘట్టమును తూర్పుననున్న గయాసాన్ కొండలలో విన్నాము. అక్కడి వాగు వెంబడి, నీటి సవ్వడి పేరనే సోరిగిల్ అను బాట ఆరేడు కిలోమీటర్లు సాగి హేఇన్‌సా ఆలయమునకు చేర్చును. హేఇన్ అనగా సాగరముద్ర. ఇచ్చట బౌద్ధ త్రిపిటకమంతయు ఎనుబది వేలకు పైగా చెక్కపలకలపై చెక్కి భద్రపరచబడియున్నది. అంతకుముందు చెక్కిన ప్రతి 1232లో మంగోలుల దాడిలో కాలిపోగా, యుద్ధము సాగుచుండగనే పదమూడవ శతాబ్ది మధ్యలో మరల మొదటినుండి చెక్కినారు. మన నాగార్జునుని మాధ్యమిక శాస్త్రము చీనా అనువాదరూపమున ఈ పలకలలో ఉన్నది. కృష్ణాతీరమున వినబడక మానిన మాట అక్కడి కొండలలో చెక్కపై నిలిచియున్నది!

పలకలను దాచిన పొడవాటి శాలలు పదిహేనవ శతాబ్దివి. ఎదుటి గోడలో క్రింది కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. వెనుక గోడలో ఇందుకు విపర్యయము. లోనికి వచ్చిన గాలి క్రిందనుండి పైకి అంతటను తిరిగి వెలుపలికి పోవును. నేలలో వేసిన బొగ్గు, ఉప్పు, సున్నము తేమను అదుపులో ఉంచును. యంత్రము లేదు, విద్యుత్తు లేదు, పలకలు చెడలేదు. 1951లో ఈ ఆలయముపై బాంబులు వేయుమన్న ఆజ్ఞను వైమానిక దళాధికారి కిమ్ యంగ్‌హ్వాన్ పాటింపలేదు. ఆజ్ఞోల్లంఘనము సైనికునకు ఎంతటి అపరాధమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆయన స్మారకశిల ఆలయ మార్గములో ఉన్నది.

దారిపొడవునా మాకు నీడనిచ్చిన అడవికి కూడ ఇట్టి కథయే ఉన్నది. వంటచెరకుకై నరుకుట వలనను, యుద్ధము వలనను 1950ల నాటికి దక్షిణ కొరియా కొండలు బోడివైపోయినవి. 1973లో ప్రారంభించిన పదేండ్ల వనీకరణ ప్రణాళిక గ్రామ గ్రామమున ప్రజలు మొక్కలు నాటగా 1978 నాటికే లక్ష్యమును చేరినది. మేము ప్రాచీనారణ్యమని భ్రమించిన వృక్షములలో పెక్కు మా వయస్సువే!

తుదకు ఉత్తరముగా ఆన్‌దోంగ్ చేరినాము. నక్‌దోంగ్ నది మూడు వైపుల చుట్టి పారుచుండగా నడుమ హాహ్వే గ్రామమున్నది. ర్యూ వంశీయులు సుమారు 600 సంవత్సరములుగా అక్కడ నివసించుచున్నారు. నడుమ పెద్దల పెంకుటిండ్లు, చుట్టును వరిగడ్డి కప్పిన ఇండ్లు. 2010లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు. ఇది ప్రదర్శనశాల కాదు. చూరుక్రింద బట్టలు ఆరుచున్నవి, పెరటిలో ముల్లంగి పెరుగుచున్నది. ముఖములకు చెక్క తొడుగులు ధరించి దొరలను, కపట సన్న్యాసులను ఎగతాళి చేయు నాటకము ఇక్కడి ప్రజల సొత్తు. ఊరినుండి నది ప్రక్క కొండమీదుగా నాలుగు కిలోమీటర్లు నడచినచో బ్యోంగ్‌సాన్ విద్యాపీఠము వచ్చును. గోడలు లేని దాని మండపములో కూర్చున్న విద్యార్థికి నదియు, కొండయు ఎదుటనే ఉండును. ఇది ర్యూ సోంగ్‌ర్యోంగ్ స్మృతికి అంకితము. 1592లో మొదలైన జపాను యుద్ధకాలమున మంత్రిగానుండి, ఆ విపత్తులో తమవారు చేసిన తప్పులను దాచక, రాబోవు తరముల హెచ్చరికకై గ్రంథస్థము చేసినవాడాయన.

ఆ హెచ్చరిక 2025 మార్చిలో మరియొక రూపమున వచ్చినది. 22వ తేదీన పొరుగుననున్న ఉయ్‌సోంగ్ ప్రాంతములో రగిలిన దావానలము పెనుగాలికి పరుగులు తీసినది. అనేకులు ప్రాణములు కోల్పోయినారు. హాహ్వే గడ్డికప్పులను గ్రామస్థులును, అగ్నిమాపక దళమువారును నీటితో తడిపి కాపాడుకొన్నారు. 681లో స్థాపితమైన గోఉన్‌సా ఆలయమునకు ఆ భాగ్యము లేకపోయినది. 25వ తేదీన దాని కట్టడములలో చాలాభాగము ఆహుతియైనవి. ప్రేమతో పెంచుకొన్న పైన్ వృక్షములే తమ జిగురువలన మంటకు నేయి పోసినవి. ఒకనాటి మేలులోనే మరునాటి కీడు దాగియుండవచ్చునని, అడవిని నాటుటతోనే పని తీరదని ఆ నల్లని మోడులు చెప్పుచున్నవి.

మా యాత్రలో కడపటి దినమున గోఉన్‌సాకు నడచిపోయినాము. ఒక ప్రక్క మసిబారిన నేల, మరియొక ప్రక్క మిగిలిన మందిరము. అక్కడ ఒక బల్లపై క్రొత్త పెంకులు పేర్చియున్నవి. కొరియాలో ఆలయము కట్టునపుడు భక్తులు, బాటసారులు పెంకునకు వెల యిచ్చి, దానిపై పేరో, కోరికయో కుంచెతో వ్రాయుట ఆచారము. ఆ పెంకు కప్పునకెక్కును. వ్రాత ఎవరికిని కనబడదు. వాన మాత్రము లోనికి రాదు.

మేమును ఒక పెంకు తీసుకొన్నాము. మాలో ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో మా నది పేరు వ్రాసినారు. బల్ల వద్దనున్న వృద్ధుడు ఆ లిపులను తేరిపార జూచి, ఏ దేశమని అడిగినాడు. ఇండియా అనగానే రెండు చేతులు జోడించినాడు.

మా ప్రశ్నకు సమాధానము మాకు ఆ బల్లవద్దనే దొరికినది. రాయి గట్టిదా, చెక్క గట్టిదా అన్నది కాదు విషయము. తలుపులు కాల్చి గుడిని దక్కించినవాడు, కాలిన పలకలను మరల చెక్కినవాడు, పక్షికి పండు విడచిన అవ్వ, గడ్డికప్పును తడిపిన గ్రామస్థుడు, వీరున్నంతవరకు కాలినది మరల లేచును. వీరు లేనిచోట చెక్కుచెదరని రాయి కూడ పాడుపడినట్లే. సుమారు పదమూడువందల యేండ్లకు పూర్వము హ్యేచో మన కొండలలోని ఒక శూన్యవిహారమును గూర్చి వ్రాసుకొని తన దారిని పోయినాడు. అతని దేశములో మేము ఒక పెంకు ఉంచి వచ్చినాము. ఇక మన ఊరి శిథిలములను, మన పల్లెల చూరులను చూచినప్పుడు మన చేతనున్న పెంకు ఏదియని ప్రతి విద్యార్థియు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.