కొండరాష్ట్రములో గంటల లెక్క

మన పండ్ల బజారులలో సిమ్లా ఆపిలని పేరుపెట్టి అమ్ము పండును చేతబట్టుకొని బేరమాడువారిలో, ఆ పండు కాసిన తోటనుండి లారీ నిలుచు రోడ్డు దాక అది ఎవరి వీపుమీద ప్రయాణము చేసెనో తలచువారు అరుదు. హిమాచల ప్రదేశము మన రాష్ట్రములన్నిటిలోను అత్యధిక భాగము పల్లెలలో జీవించు రాష్ట్రము. 2011 జనాభా లెక్కల ప్రకారము అక్కడి 68 లక్షల పైచిలుకు ప్రజలలో నూటికి ఇంచుమించు 90 మంది గ్రామవాసులు. పల్లె యనగానే దారిద్ర్యమును, నిరక్షరాస్యతను ఊహించుకొనుట మనకు అలవాటు. ఆ ఊహ అక్కడ చెల్లదు. ఆ లెక్కలలోనే హిమాచలపు అక్షరాస్యత నూటికి 82 దాటినది. గ్రామములన్నిటికిని విద్యుచ్ఛక్తి 1988 నాటికే చేరినది. చదువుకొని, దీపము వెలిగించుకొని, కష్టించి సంపాదించుకొను ఆ జనులను దినదినము వేధించునది దూరము. దానిని గంటలతో కొలువవలెను గాని మైళ్లతో కొలిచిన ప్రయోజనము లేదు.

ఎదుటి కొండవాలున ఇండ్లు కనబడుచుండును, అక్కడి కుక్క మొరిగిన వినబడుచుండును. అయినను నడుమనున్న లోయలోనికి దిగి, ఏరు దాటి, మరల పైకెక్కి ఆ ఇల్లు చేరుటకు సగము దినము పట్టును. 1948లో ఈ ప్రాంతము ఏర్పడిననాడు వాహనములు నడువదగిన రోడ్లు అక్కడ 300 కిలోమీటర్లైనను లేవు. తొలి ముఖ్యమంత్రి యశ్వంత్ సింగ్ పర్మార్ తక్కిన అభివృద్ధి యంతయు రోడ్డు వెంటనే రాగలదని నమ్మినవాడు. నేడు ఆ పొడవు 40,000 కిలోమీటర్ల ప్రాంతమునకు చేరినది. రైలు మాత్రము 1903 నాటి కాల్కా–సిమ్లా మార్గముతోను, 1929 నాటి పఠాన్‌కోట్–జోగీందర్‌నగర్ మార్గముతోను, పల్లపు అంచునగల ఊనా వైపు సాగిన పెద్ద లైనుతోను దాదాపు ఆగిపోయినది. కావున సామాన్యునకు ప్రభుత్వ బస్సే దిక్కు. సాయంకాలము దారి చివరి ఊరికి చేరి, రాత్రి అక్కడనే నిలిచి, తెల్లవారకముందే కదలు ఆ బస్సు తప్పినచో, కళాశాల విద్యార్థికి ఆ దినపు పాఠమును, కూలివానికి ఆ దినపు కూలియు, రోగికి వైద్యుని దర్శనమును తప్పినట్లే.

అమెరికానుండి వచ్చి కోట్‌గఢ్ ప్రాంతమున స్థిరపడి, తరువాత సత్యానందుడను పేరు స్వీకరించిన శామ్యూల్ స్టోక్స్ 1916లో నాటిన మొక్కలతో బలపడిన ఆపిలు వ్యవసాయము వేలకొలది కుటుంబములను నిలబెట్టినది. కాని ఆ పండు కోతకు వచ్చు కాలమును, కొండచరియలు విరిగిపడు వర్షకాలమును చాలవరకు ఒక్కటే యగుట రైతు దురదృష్టము. 2023లో వలె రోడ్లు వందలకొలదిగా తెగిపోయిన ఏట, శీతాకాలమునుండి కత్తిరింపులకు, మందులకు, ఎరువులకు వెచ్చించిన సొమ్మంతయు విరిగిన చరియకు ఈవల నిలిచిపోయిన లారీలో మ్రగ్గిపోవును. పట్టణములలో సరకు రవాణా ఆలస్యమైన ధర పెరుగును. ఇక్కడ సరకే మిగులదు.

ఈ దూరపు భారములో అధికభాగము స్త్రీల వీపులమీద నున్నది. ఈ మాట నేను అలంకారముగా వ్రాయుట లేదు. పురుషులు సైన్యమునకో, ప్రభుత్వోద్యోగములకో, బద్దీలోని కర్మాగారములకో, చండీగఢ్‌కో వెడలిపోగా, ఇంటి పొలమును, పాడియు, ముసలివారును స్త్రీ పాలబడును. వానలు వెనుకబట్టగానే నిటారుగానున్న కొండవాలులమీద కొడవలితో గడ్డి కోసి, ఎండబెట్టి, మంచుకాలమంతటికి చాలునట్లు దాచవలెను. వంటగ్యాసు వచ్చినను, గది వెచ్చబడుటకు కట్టెలు కావలసినవే. వీపున తగిలించుకొను కిల్టా అను పొడవాటి బుట్టలో ఎరువు పొలమునకు పోవును, పంట ఇంటికి వచ్చును. ఇంతటి శ్రమతో పండించిన మొక్కజొన్నను కోతులు ఒక్క ఉదయమున నాశనము చేయుచున్నవి. ప్రభుత్వము వానికి సంతాననిరోధ చికిత్సలు ఏండ్ల తరబడి చేయించుచున్నను, కాపలాకు మనిషి లేని కుటుంబములు సాగుభూమినే బీడు పెట్టుచున్నవి. కావలి కాచుటలో, గడ్డి మోయుటలో ఖర్చగు గంటలకు జీతములేదు గనుక అవి ఏ ఆదాయపు లెక్కకును ఎక్కవు.

లాహౌల్–స్పితి జిల్లా సంగతి చూడుడు. విస్తీర్ణమున మన పూర్వపు పశ్చిమగోదావరి జిల్లాకు ఇది రెట్టింపునకు కొంచెము తక్కువ. జనులు మాత్రము 2011లో 31,564 మందే. చదరపు కిలోమీటరునకు ఇద్దరు చొప్పున గల ఆ జిల్లాలో, రోహ్తాంగ్ కనుమను మంచు మూసివేసిన నెలలలో లాహౌల్ లోయవాసులకు ప్రభుత్వపు హెలికాప్టరులో చోటు దొరకుటయే ప్రాణరక్షణగా నుండెడిది. 2020 అక్టోబరు 3న తెరువబడిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము ఆ దుర్దశను చాలవరకు తొలగించినది. హిమపాతములు దారి మూయు దినములు మాత్రము ఇప్పటికిని కలవు.

మన పరిపాలనలో సౌకర్యములు తలలు లెక్కించి పంచబడుచున్నవి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రము మైదానమున 30,000 మందికి ఒకటి, కొండప్రాంతమున 20,000 మందికి ఒకటి యని ప్రమాణము. ఈ సడలింపుతో గూడ లాహౌల్–స్పితి జిల్లాయంతటికి రెండు కేంద్రములు చాలునని తేలును! ఆచరణలో ప్రభుత్వము అంతకంటె ఎక్కువగానే నెలకొల్పినది గాని, కట్టిన భవనమునకు వైద్యుడు దొరకుట వేరొక సమస్య. అందుచేతనే క్లిష్టమైన రోగములకు జనులు సిమ్లాకో, బిలాస్‌పుర్‌లో 2022లో ఆరంభించిన ఎయిమ్స్‌కో, చండీగఢ్‌లోని పీజీఐకో తరలిపోవుచున్నారు. పిల్లల సంఖ్య పడిపోయిన బడులను ప్రక్కఊరి బడిలో కలుపుట కాగితముమీద పొదుపే యగును. ఆరేండ్ల పిల్ల ఆ పొదుపునకు మంచులో నడచి మూల్యము చెల్లించును. మన అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమున గర్భిణులను డోలీలో మోసికొనివచ్చు వార్తలు చదువు తెలుగువారికి ఈ బాధ పరాయిది కాదు.

మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఈ దేశము మంచుకు తగినట్లు తన పంచాంగమును సవరించుకొన్నది: తక్కిన దేశమున చాలవరకు 1952 ఆరంభమున పోలింగు జరుగగా, కిన్నౌర్ వంటి చోట్ల 1951 అక్టోబరులోనే జరిపించినారు. కల్పా గ్రామమున శ్యామ్‌శరణ్ నేగీ అను ఉపాధ్యాయుడు అట్లు తొలి ఓటరుగా ప్రసిద్ధికెక్కెను. నేటికిని 15,256 అడుగుల ఎత్తుననున్న తాషీగంగ్‌లో కొలదిమంది ఓటర్లకొరకు పోలింగు కేంద్రము నడుచుచున్నది. ఓటుకు చూపిన ఈ శ్రద్ధ వైద్యమునకును, చదువునకును చూపుట అసాధ్యమని నేను నమ్మజాలను. తలల సంఖ్యతోపాటు ప్రయాణమునకు పట్టు గంటలను గూడ ప్రమాణములలో చేర్చవలెను. నియమింపబడిన వైద్యునకు, ఉపాధ్యాయునకు వెచ్చగానుండు నివాసమును, కష్టమునకు తగిన భత్యమును, ఇన్ని సంవత్సరముల పిమ్మట తప్పక బదిలీ కలదను వ్రాతపూర్వకమైన హామీయు ఈయవలెను. మందులు, పుస్తకములు మంచు పడుటకు ముందే లోయలకు చేరవలెను.