చేపలకి క్యాన్ నీళ్లు పోస్తున్నారా?

"గోదావరి గట్టున ఊరు, మీకు నీళ్లకేం కరువమ్మా!" అంటారు మా చుట్టాలు. బూర్గంపాడు అంటే అందరికీ గోదావరీ, కిన్నెరసానీ గుర్తొస్తాయి మరి! మా ఇంట్లో వాడకానికి మాత్రం పెరటి బోరే. ఆ నీళ్లతో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. సబ్బు నురగ రాదు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. ఇవన్నీ అలవాటైపోయిన బాధలే. కానీ ఈ నీళ్ల సంగతి నాకు నిజంగా అర్థమైంది వంటింట్లో కాదు, ముందు గదిలో చేపల తొట్టి దగ్గర.

మా చిన్నది నాలుగో తరగతి. పుట్టినరోజుకి అక్వేరియం కావాలని ఒకటే పేచీ. సరేనని రెండడుగుల తొట్టి, ఆరు నియాన్ టెట్రాలు తెచ్చాం. ఒంటి మీద నీలం గీత, ఎర్ర గీత మెరిసే చిట్టి చేపలవి. బోరు నీళ్లు పోశాం. రెండు వారాలు తిరిగేసరికి అద్దం మీద తెల్లటి చార. చేపల రంగు వెలిసిపోయింది, రెండు చచ్చిపోయాయి. "ఈ ఉప్పునీళ్లే కారణం" అని మావారు ప్లాంటు నుంచి మూడు క్యాన్లు తెప్పించి, పాత నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపారు. మనం తాగే నీళ్లకన్నా మంచివి ఏముంటాయిలే అని నేనూ ఊరుకున్నాను. తెల్లారి చూస్తే మిగిలిన నాలుగూ వెల్లకిలా తేలుతున్నాయి! "మంచినీళ్లే పోశాం కదమ్మా!" అని అది ఏడుస్తుంటే నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసం అడిగీ, చదివీ తెలుసుకున్న సంగతులివి.

మాగాయ ముక్కలకి ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది కదా! ముక్కలోని నీరు పల్చటి పొర దాటుకుని, ఉప్పు ఎక్కువున్న వైపుకి పోతుందన్నమాట. దీన్నే ఆస్మాసిస్ అంటారు. ఆర్వో మిషన్‌లో పంపు గట్టిగా ఒత్తిడి పెట్టి, నీటిని ఎదురుదారి పట్టిస్తుంది. నీళ్లు పొర దాటి వస్తాయి, ఉప్పూ సున్నమూ చాలావరకు అవతలే ఉండిపోతాయి. అందుకే దానికి రివర్స్ ఆస్మాసిస్ అని పేరు. ఇలా పనికొచ్చే పొరను 1960 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారుచేసిన ఇద్దరిలో ఒకాయన మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్, రెండో ఆయన సిడ్నీ లోబ్.

మరి అంత శుభ్రమైన నీళ్లు చేపకి ఎందుకు పడలేదు? ఇక్కడా మాగాయ లెక్కే! చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటికన్నా ఎక్కువ. కాబట్టి నీరు దాని ఒంట్లోకి వస్తూనే ఉంటుంది, అది బయటికి తోసేస్తూనే ఉంటుంది. బోరు నీళ్లకి అలవాటుపడ్డ ప్రాణిని రాత్రికి రాత్రి ఉత్త నీళ్లలో పడేస్తే ఎలా తట్టుకుంటుంది? ఇంకో సంగతి. చేపల మలిన పదార్థాలు కుళ్లి, నీళ్లు రోజురోజుకీ పులుపెక్కుతుంటాయి. ఆ పులుపును విరిచేది నీళ్లలో ఉండే సున్నపు లవణాలే. ఆర్వో నీళ్లలో అవి దాదాపు ఉండవు. అంటే మనం తిట్టుకునే సున్నం కూడా కొంత ఉండాల్సిందే!

కాబట్టి ఆర్వో నీళ్లు ఉత్తవి పోయకండి, కలిపి పోయండి. నీటిలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే 600 వరకు తాగొచ్చనీ మన బీఐఎస్ ప్రమాణం చెబుతోంది. మీ బోరు నీళ్లు 400 ఉన్నాయనుకోండి. ఒక చెంబు బోరు నీళ్లకి మూడు చెంబులు ఆర్వో నీళ్లు కలిపితే 100కి కాస్త అటూఇటూ వస్తుంది. టెట్రాలు, ఏంజిల్ చేపలు ఆ మాత్రానికి ఓర్చుకుంటాయి. కాఠిన్యం కొలిచే చుక్కల మందు అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. మామూలు రకంలో ఒక్కో చుక్కకీ 18 మిల్లీగ్రాములు. పెన్నులాంటి టీడీఎస్ మీటర్ చూపించేది మొత్తం లవణాలను, ఒక్క కాఠిన్యాన్నే కాదు. అన్నట్టు, చాలా ఇంటి మిషన్లలో రుచి కోసం మామూలు నీళ్లు కొంచెం కలిసే ఏర్పాటు ఉంటుంది. అందుకని మిషన్ నీళ్లయినా ఒకసారి కొలుచుకోవడం మంచిది.

తొట్టి నీళ్లు మొత్తం ఒకేసారి మార్చకండి. వారానికి నాలుగో వంతు చాలు. ఆవిరై తగ్గిన నీటికి మాత్రం ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదు కదా! అక్కడ కూడా బోరు నీళ్లు పోస్తూపోతే సున్నం పెరిగిపోతుంది. అద్దం మీది చారని నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది, కాకపోతే ఆ రసం తొట్టిలో పడనివ్వకండి.

ఇక మిషన్ వదిలేసే నీళ్లు... లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. చూస్తూ చూస్తూ కాలవలోకి వదలబుద్ధి కాదు. మా అత్తయ్య దానికింద బకెట్ పెట్టేశారు. ఇల్లు తుడవడానికీ, బాత్రూమ్‌కీ అవే. మొక్కలకి మాత్రం రోజూ పోయొద్దు, వాటిలో ఉప్పు బోరు నీళ్లకన్నా ఎక్కువ. వానాకాలంలో అయితే మిషన్ జోలికే పోనక్కర్లేదు. మొదటి రెండు మూడు వానలు వదిలేసి, డాబా మీద శుభ్రమైన గిన్నెలు పెట్టి పట్టుకోండి. వాన నీళ్లలోనూ సున్నం ఉండదు, కాబట్టి అవీ కలిపి పోయాల్సినవే.

నన్నడిగితే ఇంత తంటా లేని దారి ఇంకోటుంది. గప్పీలు, మోలీలు, ప్లాటీలు సున్నపు నీళ్లలోనే హాయిగా బతుకుతాయి. మోలీలకైతే అవే ఇష్టం. నియాన్ టెట్రాలది అమెజాన్ అడవుల్లోని మెత్తటి నీళ్లు. కొనేముందు చేప రంగు చూశాం గానీ దాని పుట్టిల్లు ఎక్కడో అడగలేదు!

ఇప్పుడు మా తొట్టిలో మోలీలున్నాయి, బోరు నీళ్లతోనే. పోయిన నెలలో పిల్లలు పెట్టాయి. అయినా మా చిన్నది టెట్రాల మాట మరిచిపోలేదు. చిన్న తొట్టి ఒకటి కొనిపించుకుంది. మూడు చెంబులకి ఒక చెంబు లెక్కన నీళ్లు తనే కలిపి, చుక్కలు లెక్కపెట్టి, గోడకున్న క్యాలెండర్ మీద రాసుకుంటోంది. చేపలు ఇంకా తేలేదు. ఆ అంకె నెల రోజులు కదలకుండా ఉంటేనే భద్రాచలం బస్సెక్కుదామని షరతు పెట్టింది, అదీ మా వారికి!