ఇంటిపేరు ముందా, వెనుకనా? – ఆరోగ్యబీమా క్లెయిము తిరస్కరణ, దిద్దుబాటు

క్లెయిము తిరస్కరించబడినదనగానే, ఆ జబ్బుకు పాలసీ వర్తించలేదని చాలామంది భావించి ఊరకుంటారు. అన్నివేళలా కారణం అది కాదు. రోగి పేరు, పుట్టిన తేదీ, పాలసీ సంఖ్య, సభ్యుని గుర్తింపు సంఖ్య – వీటిలో ఏ ఒక్కటి లోపించినా, ఒక పత్రానికీ మరొక పత్రానికీ పొసగకపోయినా క్లెయిము నిలిచిపోతుంది.

తెలుగువారికి ఈ చిక్కు తరచుగా ఇంటిపేరు దగ్గరే మొదలవుతుంది. స్వస్థలంలో ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. తమిళనాట ఇనీషియల్ అనగా తండ్రి పేరులోని మొదటి అక్షరం. మహారాష్ట్రలో సొంతపేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుస. ఆధార్‌లో ‘చింతలపూడి వెంకట సుబ్బారావు’ అయిన వ్యక్తి పాలసీలో ‘సి.వి.ఎస్. రావు’, ఆసుపత్రి చీటీలో ‘సుబ్బారావు సి.’ అవుతాడు. ముగ్గురూ ఒక్కరేనని ఇరుగుపొరుగుకు తెలుసును గాని కంప్యూటరుకు తెలియదు. స్త్రీల విషయంలో పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు మరొకచోట ఉండుట మరీ సాధారణం. అప్పుడే పుట్టిన బిడ్డకు పేరుండదు కనుక ఆసుపత్రి తల్లి పేరుతో ‘బేబీ ఆఫ్’ అని నమోదు చేస్తుంది. పాలసీలో బిడ్డ పేరు చేర్పించేటప్పుడు ఆ నమోదును, జనన ధ్రువపత్రాన్ని జతపరచడం మేలు.

తిరస్కరణ జరిగినప్పుడు మొదట కారణాన్ని లిఖితపూర్వకంగా పొందాలి. ఫోనులో చెప్పిన మాట తరువాత పనికిరాదు. తప్పు ఆసుపత్రి రాతలో ఉంటే, గుర్తింపు పత్రం చూపి అక్కడి వైద్య రికార్డుల విభాగంలో డిశ్చార్జి సమ్మరీని, బిల్లులను సరిచేయించుకోవాలి. తప్పు పాలసీలో ఉంటే బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. ఉద్యోగి సామూహిక పాలసీ అయితే యజమాని కార్యాలయం ద్వారా. దిద్దిన పత్రాలను పాత క్లెయిము సంఖ్యనే పేర్కొంటూ సమర్పించి రసీదు తీసుకోవాలి.

తొందరపడి ఆధార్‌నే మార్పించడం వివేకం కాదు. అందులో పేరును జీవితకాలంలో 2 సార్లు, పుట్టిన తేదీని 1 సారి మాత్రమే మార్చుకోవచ్చు. ఆధార్ సరిగా ఉంటే తక్కిన పత్రాలను దానికి అనుగుణంగా దిద్దించుకొనుటే సులభం.

కుటుంబానికి ఏటా రూ. 5 లక్షల వరకు చికిత్స కల్పించే ఆయుష్మాన్ భారత్ పథకంలో కార్డు పొందుటకు ఆధార్ ధ్రువీకరణ అవసరం. వివరాలలో తేడా ఉన్నవారు 14555 నంబరును సంప్రదించవచ్చు. ఇతర రాష్ట్రంలో నమోదైన లబ్ధిదారులు కూడా ఈ పథకపు జాబితాలోని ఆసుపత్రులలో కార్డును వినియోగించుకోవచ్చు గనుక, ఊరు విడిచి వచ్చినవారు దానిని అక్కడే వదలి రాకూడదు.

దిద్దిన పత్రాలిచ్చినా బీమా సంస్థ నిరాకరిస్తే, మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాదితో పని లేదు. రూ. 50 లక్షల వరకు వివాదాలను స్వీకరిస్తారు. సంస్థ నిరాకరించిన నాటి నుండి 1 సంవత్సరం లోపల ఫిర్యాదు చేయాలి. బెంగళూరు, చెన్నై, ముంబయి, పుణే, భువనేశ్వర్‌లలో కార్యాలయాలున్నాయి. యానాం వాసులకు మాత్రం హైదరాబాదు కార్యాలయం.